తుఫాను అక్కడ, గాలి ఇక్కడ

1979 జులైలో మా ఊళ్ళో మేకలు మిగల్లేదని మా నాయనమ్మ చెబుతుంది. స్కైలాబ్ అనే అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం వచ్చి నెత్తిన పడుతుందట, ఎలాగూ పోయేవాళ్ళమే కదా అని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారట. దాచుకున్న డబ్బులు తీసి పిల్లలకి కొత్తబట్టలు కుట్టించినవాళ్ళూ ఉన్నారట. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. మా నాన్నని చెయ్యి పట్టుకుని, బాబాయిని చంకనేసుకుని వెళ్ళి రామాలయం అరుగు మీద పడుకుంది. పోతే అందరం కలిసే పోదామని ఊరంతా అక్కడే పడుకుంది. జులై 11 రాత్రి, మన టైములో పది దాటాక, అది హిందూ మహాసముద్రం మీద విరిగిపోయి, మిగిలిన ముక్కలు ఆస్ట్రేలియా పడమటి వైపు రాలాయి. ఇక్కడ తెల్లారింది. పాలవాడు వచ్చాడు.

ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నా. విన్నప్పుడల్లా ఒకటే సందేహం. 435 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న 77 టన్నుల వస్తువు, ఎవరూ తోయకుండా, కిందికి ఎందుకొచ్చింది?

గాలి వల్ల వచ్చింది. అంత ఎత్తునా గాలి ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే వెయ్యి కోట్ల వంతు కన్నా పల్చన, కానీ ఉంటుంది. 1970ల చివర్లో సూర్యుడు అనుకున్నదానికన్నా ఎక్కువ చురుగ్గా మారాడు. ఆ వేడికి పై గాలి పొంగింది. పాలు పొంగి గిన్నె అంచుకి వచ్చినట్టు, కింద ఉండాల్సిన గాలి స్కైలాబ్ తిరిగే ఎత్తుకి వచ్చింది. దాన్ని పైకి నెట్టడానికి వాడదామనుకున్న స్పేస్ షటిల్ 1981 దాకా ఎగరనే లేదు. ఈలోగా గాలి రాసుకుని రాసుకుని స్కైలాబ్ కిందికి జారిపోయింది. మా ఊళ్ళో భయం చేరింది గానీ ఈ సంగతి చేరలేదు. ఆ రోజు ఎవరైనా ఇంత మాత్రం చెప్పి ఉంటే నాయనమ్మ ఆ రాత్రి పిల్లల్ని చూసుకుంటూ ఏడ్చేది కాదు.

ఇప్పుడూ అదే జరుగుతోందని నా బాధ. సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి కణాల వెల్లువ, వచ్చిందంటే మనకి రెండే రకాల వార్తలు వస్తాయి. ఫోన్లు కాలిపోతాయి, ఇంటర్నెట్ ఆగిపోతుంది అని వాట్సాప్‌లో ఒకటి. ‘భారత్ భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి మనకేం కాదు’ అని టీవీలో రెండోది. మొదటిది వట్టి భయం. రెండోది వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది, అందుకే నాకు దానితో ఎక్కువ పేచీ. తుఫాను మన దాకా వస్తుంది. ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే రంగు వెలుగుల (అరోరాల) రూపంలో రాకపోవచ్చు, గాలి రూపంలో వస్తుంది. కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉండిపోతుంది.

నేను చదివింది ఫిజిక్స్, బతుకుతెరువు భూముల సర్వే. ఈ గాలి నాకు పుస్తకంలో పరిచయం కాలేదు. 2024 మార్చి ఆఖర్లో ఏలూరు వైపు ఒక పల్లెలో అన్నదమ్ముల గట్టు తగాదాకి కొలతలకి వెళ్ళాను. పగలంతా మాటలతోనే గడిచింది. పని మొదలుపెట్టేసరికి పొద్దు గూకింది. జీపీఎస్ రిసీవర్ తగిలించిన రోవర్ కర్రని సర్వే రాయి మీద నిలబెట్టి, బుడగని నడిమికి తెచ్చి, తెర వంక చూశాను. ‘ఫిక్స్’ అని రావాలి. అది వస్తే బిందువు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో దొరికినట్టు. ‘ఫ్లోట్’ అనే ఉండిపోయింది. ఫ్లోట్ అంటే కొలత ఇంకా కుదురుకోలేదని అర్థం, జానెడు నుంచి మీటరు దాకా ఎటైనా పోవచ్చు. నెత్తిన ఆకాశం ఖాళీ. చెట్టు లేదు, కరెంటు తీగ లేదు. ఉపగ్రహాలు పందొమ్మిది కనిపిస్తున్నాయి. వాటి సిగ్నల్ గీతలు మాత్రం గాలికి దీపం ఊగినట్టు లేస్తున్నాయి, పడుతున్నాయి. పెద్దాయన టార్చి లైటు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ‘ఏవండీ, మా తమ్ముడి చేను వైపు వెళ్తేనే పనిచేయడం లేదా మీ మెషిను?’ అన్నాడు. నలభై నిమిషాలు అలాగే నిలబడ్డాం. నాకు చెమటలు పట్టాయి.

మర్నాడు పొద్దున ఏడింటికి అదే రాయి మీద పది సెకన్లలో ఫిక్స్ వచ్చింది. మెషిన్ అమ్మినతనికి ఫోన్ చేస్తే ‘యాంటెన్నా పాతబడింది సార్, మార్చేయండి’ అన్నాడు. మార్చాను. ఏప్రిల్‌లో కొత్త యాంటెన్నాతో, మళ్ళీ రాత్రి ఏడున్నరకి, మళ్ళీ ఫ్లోట్.

తప్పు యాంటెన్నాది కాదు, మన ఆకాశానిది. మనకి పైన, దాదాపు 100 కి.మీ. నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా ఉండే గాలిలో ఎండ వల్ల కొంత విద్యుత్ కణాలుగా చీలి ఉంటుంది. దాన్ని అయనావరణం అంటారు. పొద్దు గూకిన కాసేపటికి, అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే గీత) చుట్టుపక్కల, ఈ పొరలో కింది నుంచి పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. జీపీఎస్ సిగ్నల్ వాటిలోంచి వచ్చేటప్పుడు చెదిరి మిణుకుమంటుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అందులోనూ సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్ళలో ఇది ఎక్కువ. 2024 సరిగ్గా అలాంటి ఏడాది. మన తెలుగు నేల ఉన్న చోటు కూడా అలాంటిదే. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడులో తిరునల్వేలి, కేరళలో తుంబా దగ్గర దేశాన్ని దాటుతుంది. మధ్యాహ్నం వేళ విద్యుత్ కణాలు బాగా పోగయ్యే గట్టు అహ్మదాబాద్, భోపాల్ మీదుగా పోతుంది. మనం ఆ రెంటి నడుమ ఉన్నాం.

ఆ బుడగలు ఏ సాయంత్రం లేస్తాయి, ఏ సాయంత్రం లేవవు? దాన్ని తేల్చేవాటిలో గాలి ముఖ్యమైనది. పొద్దు గూకే వేళ 250 కి.మీ. ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, మామూలు రోజుల్లోనే సెకనుకి వంద మీటర్లకి అటూఇటూగా. 1977 దివిసీమ ఉప్పెన నాటి గాలి గంటకి 250 కి.మీ. అనుకుంటే అది సెకనుకి 70 మీటర్లు. అంటే మన పైన ప్రతి సాయంత్రం దివిసీమని మించిన వేగంతో గాలి వీస్తోంది. చెయ్యి చాపితే తగిలినట్టు కూడా ఉండదు, అంత పల్చన. కానీ విద్యుత్ కణాలకి తగులుతుంది. అవి కదలడం వల్ల పుట్టే విద్యుత్ క్షేత్రం మొత్తం పొరని పైకి ఎత్తుతుంది. ఎత్తిన పొర అడుగు నుంచి బుడగలు మొదలవుతాయి.

ఇక తుఫాను సంగతి. సూర్యుడి నుంచి వచ్చే కణాల వెల్లువ తనతోపాటు ఒక అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. అది దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో కలిసిపోయి, ధ్రువాల వైపు నుంచి శక్తి లోపలికి దిగుతుంది. అక్కడ 100 నుంచి 150 కి.మీ. ఎత్తున లక్షల ఆంపియర్ల కరెంటు పారుతుంది. గాలి దానికి అడ్డుపడి వేడెక్కుతుంది, హీటర్ తీగ వేడెక్కినట్టే. పెద్ద తుఫాను రోజున ఆ వేడి, ఎండలోని అతినీలలోహిత కాంతి పై గాలికి ఇచ్చే వేడిని కూడా మించిపోగలదు. వేడికి గాలి పొంగి భూమధ్యరేఖ వైపు పరుగు తీస్తుంది. పైగా, విద్యుత్ కణాలు వేగంగా తిరుగుతూ తమతోపాటు మామూలు గాలిని ఈడ్చుకుపోతాయి. ఆ రోజుల్లో ధ్రువాల దగ్గర గాలి సెకనుకి అర కిలోమీటరు దాటడం, ఒక్కోసారి కిలోమీటరుని అందుకోవడం కొలతల్లో చూశారు. ఆ ఒత్తిడి అలలుగా ఇటు బయల్దేరుతుంది. ధ్రువ వెలుగుల ప్రాంతం నుంచి మనకి సుమారు 6,000 కి.మీ. దూరం. సెకనుకి 600 మీటర్ల వేగంతో వచ్చే అల దాదాపు మూడు గంటల్లో ఇక్కడికి చేరుతుంది.

గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో చుక్క వాన లేకపోయినా, పైన ప్రాణహిత, ఇంద్రావతి పొంగాయంటే మేం లంకల్లోంచి పశువుల్ని తోలుకొచ్చేవాళ్ళం. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి అంకె విని ధవళేశ్వరానికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ముసలివాళ్ళు నోటిలెక్కన చెప్పేవారు. వాన ఎక్కడ పడింది అన్నది ఒక సంగతి, నీళ్ళు ఎక్కడికి వస్తాయి అన్నది ఇంకో సంగతి. ‘అరోరాలు కెనడాలో కనిపిస్తాయి, మనకి కాదు’ అని చెప్పి ఊరుకోవడం, ‘వాన బస్తర్‌లో పడింది, మనకి కాదు’ అన్నట్టు ఉంటుంది.

ఈ గాలి ఇక్కడికి చేరాక చేసే పనే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. భూమధ్యరేఖ దగ్గర నేల తూర్పుకి గంటకి 1,670 కి.మీ. వేగంతో తిరుగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ వేగం సగమే. అక్కణ్ణించి బయల్దేరిన గాలి తన పాత వేగంతోనే ఇటు వస్తుంది, నేల మాత్రం దానికన్నా జోరుగా తూర్పుకి పోతుంటుంది. గాలి వెనకబడుతుంది. మనకి అది పడమటికి వీచినట్టు తగులుతుంది. పడమటికి వీచే ఆ గాలి విద్యుత్ కణాలని భూమి అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా లాగుతుంది. అయస్కాంతం నడుమ తీగచుట్ట తిరిగితే కరెంటు పుడుతుంది. శ్రీశైలంలో దాన్ని నీళ్ళు తిప్పుతాయి, ఇక్కడ గాలి తిప్పుతుంది. మిషెల్ బ్లాంక్, ఆర్థర్ రిచ్‌మండ్ అనే ఇద్దరు 1980లో ఈ లెక్క కట్టి చూపించారు. ఈ కొత్త డైనమో ఇచ్చే విద్యుత్ క్షేత్రం రోజూ ఉండేదానికి ఎదురు దిక్కులో ఉంటుంది. పగలు పైకి లేవాల్సిన పొర లేవదు. 105 కి.మీ. ఎత్తున తూర్పుకి పారే విద్యుత్ ప్రవాహం బలహీనపడుతుంది, ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది. సాయంత్రం బుడగలు అణిగిపోవచ్చు. అవే బుడగలు నడిరాత్రి దాటాక, తెల్లవారుజామున, ఎవరూ అనుకోని వేళ లేవచ్చు. (తుఫాను మొదలైన నిమిషాల్లోనే ధ్రువాల నుంచి నేరుగా చొచ్చుకొచ్చే విద్యుత్ క్షేత్రం ఇంకోటి ఉంది. అది వేరే కథ, అది రావడం ఎంత తొందరో పోవడమూ అంతే తొందర.) గాలి డైనమో అలా పోదు. అయస్కాంత క్షేత్రం కుదుటపడ్డాక కూడా గాలి వెంటనే ఆగదు, దానికి జడత్వం ఉంది. ఒక రోజు, రెండు రోజులు నడుస్తూనే ఉంటుంది.

నా వాదన అంతా ఈ ఒక్క చోట ఉంది. తుఫాను ఎంత పెద్దదో చెప్పడానికి మనం వాడే కొలబద్దలన్నీ అయస్కాంతానివి. నేల మీద అయస్కాంత సూచిక ఎంత కదిలింది అని చూసి జీ1 (చిన్నది) నుంచి జీ5 (అతి పెద్దది) దాకా అంకె ఇస్తారు. సూచిక తిరిగి కుదురుకుంటే తుఫాను అయిపోయిందంటారు. ‘తీరం దాటింది’ అన్నమాట. మన వైపు ఆ గాలి పని మొదలుపెట్టేది చాలాసార్లు ఆ తర్వాతే. 2022 ఫిబ్రవరి 3న స్టార్‌లింక్ ఉపగ్రహాలు 49ని ఒకేసారి ప్రయోగించి 210 కి.మీ. ఎత్తున వదిలారు. అప్పుడున్నది కొలబద్ద ప్రకారం చిన్న తుఫాను, పేపర్లో వార్త కూడా కాదు. కానీ పై గాలి పొంగింది. అంతకుముందు ప్రయోగాలతో పోలిస్తే గాలి రాపిడి 50 శాతం దాకా పెరిగిందని ఆ కంపెనీయే ప్రకటించింది. 38 ఉపగ్రహాలు పైకి ఎక్కలేక తిరిగి వాతావరణంలో పడి కాలిపోయాయి. అంకె చిన్నదే, గాలి చిన్నది కాదు.

దీని మీద నాకు ఎదురుమాట చెప్పేవాళ్ళున్నారు. మా తోటి సర్వేయరు ఒకడు, ‘అన్నా, పొద్దున కొలుచుకుంటే పోలా? దీనికింత టెన్షన్ ఎందుకు?’ అంటాడు. సర్వేకి ఆ మాట నిజమే, నేను ఇప్పుడు చేసేది కూడా అదే. విమానం పొద్దున దాకా ఆగదు. మన దేశంలో విమానాలకి దారి చూపడానికి ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ ఉంది. దాని నిర్మాతలకి పెద్ద తలనొప్పి ఈ అయనావరణమే. అమెరికా మీద నిమ్మళంగా ఉండే పొరకి తయారైన లెక్కలు ఇక్కడ ఉన్నవున్నట్టు పనికిరావు, మన పొర స్వభావం వేరు. చేపల పడవలో జీపీఎస్ పట్టుకుని కాకినాడ నుంచి నడిరాత్రి బయల్దేరేవాడికీ, రేపు పొలాల్లో సెంటీమీటర్ల లెక్కన తిరగబోయే డ్రోన్లకీ ఇది కావాల్సిన సమాచారమే. 2024 మే తుఫానప్పుడు అమెరికాలో నాట్ల వేళ జీపీఎస్ ట్రాక్టర్ల సాళ్ళు తప్పిపోయి రైతులు పని ఆపుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయే ప్రమాదం మనకి తక్కువ, అది ఒప్పుకుంటాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని ‘మనకేం కాదు’ అనడాన్నే ఒప్పుకోను.

మరి ఆ గాలిని కొలవడం ఎలా? ఇందులో మన చరిత్ర చిన్నది కాదు. 1963 నవంబరు 21న తుంబా నుంచి లేచిన మొట్టమొదటి రాకెట్ పని అదే, పై గాలిని చూడటం. అమెరికా ఇచ్చిన నైక్ అపాచీ రాకెట్‌లో ఫ్రాన్స్ వాళ్ళ సోడియం ఆవిరి పెట్టారు. పొద్దు గూకాక, కింద చీకటి, పైన ఇంకా ఎండ ఉన్న వేళ, ఆ ఆవిరి నారింజ రంగు చారలా వెలిగింది. కేరళలోనూ పక్కనున్న తమిళ జిల్లాల్లోనూ జనం బయటికొచ్చి చూశారు. ఆ చార ఎటు వంకర తిరిగితే గాలి అటు వీస్తున్నట్టు. మన అంతరిక్ష ప్రయాణం గాలి కొలతతో మొదలైందని బడిలో నాకెవరూ చెప్పలేదు. అంతకన్నా ముందే, 1950లలో, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారి బృందం రేడియో తరంగాలతో పై పొరల కదలికలని కొలిచింది. దూరం దూరంగా మూడు యాంటెన్నాలు పెట్టి, పైనుంచి తిరిగొచ్చే సిగ్నల్ ఏ యాంటెన్నా దగ్గర ముందు తగ్గింది, దేని దగ్గర తర్వాత తగ్గింది అని చూసి, పొర ఎటు జరుగుతోందో లెక్కగట్టేవారు. నేను మూడు రాళ్ళ నుంచి నాలుగో రాయి పట్టుకునే పనికి అది దగ్గర బంధువులా అనిపిస్తుంది.

తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాంటెన్నాలు వరసగా నాటిన రాడార్ ఉంది. దారిలో వెళ్తుంటే ఇనప తోటలా ఉంటుంది. అది కింది వాతావరణం గాలులనీ, అయనావరణంలో రేగే అలజడినీ బాగా చూస్తుంది. కానీ 250 కి.మీ. ఎత్తున వీచే మామూలు గాలి రాడార్‌కి కనిపించదు. దానికి వేరే దారి ఉంది, వెలుతురు. ఆ ఎత్తున ఆక్సిజన్ ప్రతి రాత్రీ 630 నానోమీటర్ల ఎర్రటి కాంతిని సన్నగా విడుస్తుంది. కంటికి ఆనదు. గాలి సెకనుకి వంద మీటర్ల వేగంతో మన వైపు వస్తుంటే ఆ రంగు ముప్ఫై లక్షల్లో ఒక వంతు జరుగుతుంది. ఆ జరుగుబాటుని పట్టే పరికరాలు ఉన్నాయి. 2024 మే 10 రాత్రి, 2003 తర్వాత మళ్ళీ వచ్చిన మొదటి జీ5 తుఫానులో, లడఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ఎర్రబడింది కదా, ఆ ఫొటోలు అందరి ఫోన్లకీ వచ్చాయి. ఆ ఎరుపు ఈ ఆక్సిజన్ ఎరుపే. రోజూ గాదంకి మీద, మా చేల మీద, రామాలయం మీద ఉండే ఎరుపే, ఆ రాత్రి కెమెరాకి చిక్కేంతగా పెరిగింది.

ఇక్కడ నాకు కడుపు మండే సంగతి ఒకటుంది. ఇదే ఎరుపు నుంచి గాలి వేగాన్ని ఆకాశం నుంచి కొలవడానికి నాసా ఐకాన్ అనే ఉపగ్రహాన్ని 2019 అక్టోబరులో పంపింది. చక్కగా పనిచేసింది. 2022 నవంబరులో దానితో సంబంధం తెగిపోయింది. ఇరవై ఏళ్ళలో పెద్ద తుఫాను వచ్చిన రాత్రి గాలిని చూసే ఆ కన్ను లేదు. తుఫాను తర్వాత తన ఉపగ్రహాలు మామూలుకన్నా ఎక్కువ ఎత్తు కోల్పోయాయని ఇస్రో ప్రకటించింది. అంటే గాలి వచ్చిందని, గాలి తగిలిన వస్తువు జారిపోతే తెలుసుకున్నాం. భద్రాచలం దగ్గర అడుగుల కొలబద్ద లేకుండా, కొట్టుకుపోయిన గేదెని బట్టి వరద లెక్కగట్టినట్టు. దిశ పేరుతో జంట ఉపగ్రహాలు పంపాలని ఇస్రో దగ్గర ప్రతిపాదన ఉంది. అది వాయిదా పడకుండా పైకి వెళ్ళాలని నేను మనసారా కోరుకుంటున్నాను. దానికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేవీ ఉన్నాయి. ఆ ఎరుపుని చూసే పరికరాలు రాయలసీమలో ఒకటి, కోస్తాలో ఒకటి, తెలంగాణలో ఒకటి ప్రతి రాత్రీ నడుపుతూ, ఆ అంకెలని అందరికీ కనబడేట్టు పెట్టడం. చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) అయస్కాంత వేధశాల ఉంది, గాదంకి ఉంది, ఉస్మానియాలో జీపీఎస్ మీద పనిచేసే విభాగం ఉంది. చదువుకున్న పిల్లలున్నారు. తుఫాను వచ్చిన మర్నాడు ‘పై గాలి ఇంకా పడమటికే వీస్తోంది, ఈ రాత్రి తెల్లవారుజామున జీపీఎస్ జాగ్రత్త’ అని తెలుగులో రెండు లైన్లు రాయడానికి ఇంకేం కావాలి?

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మకి ఇదంతా చెప్పాను. స్కైలాబ్ దగ్గర మొదలుపెట్టి, సూర్యుడు, పొంగిన గాలి, మూడు గంటల్లో వచ్చే అల, అన్నీ. ఆవిడ కూరకి చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. చివరికి, ‘అయితే నాన్నా, అది పడ్డానికి నెలల ముందు నుంచే ఆ గాలి తగులుతా ఉందన్నమాట. మాకు ఆ వారం దాకా చెప్పలేదే!’ అంది. అవునన్నాను. ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. కాసేపాగి, ఆ ఏడాది కోసిన మేక సూడిదని, ఇంకో నెల ఆగితే ఈనేదని చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.